మ్యాపులో ఎర్ర గుర్తు

మా అమ్మాయికని కొన్న ఓడదొంగల నవలను ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో తెరిచాను. చిన్నప్పుడు చదివిందే. దాని మీద వచ్చిన సినిమాలు కూడా రెండు చూశాను. అయినా దీవి మ్యాపు, నిధి దగ్గర ఎర్ర గుర్తు ఉన్న పేజీ రాగానే ఆగిపోయాను.

నా పక్కన ఒక పాప, దాని పక్కన పత్తి ఏరడానికి పోయొస్తున్న వాళ్ల అవ్వ. పాప ఎర్ర గుర్తు మీద వేలు పెట్టింది. అవ్వ చటుక్కున పాపను తన అవతలికి లాక్కుంది.

"యా ఊరప్పా నీది? యాడ తవ్వల్లని వచ్చినావు?"

ముందు సీట్లలో మగవాళ్లు వెనక్కి తిరిగారు. గుప్తనిధుల కోసం వచ్చారనే అనుమానంతో కొత్తవాళ్లను కొట్టిన సంగతులు విని ఉన్నాను. గబగబా పుస్తకం అట్ట తిప్పి ఆమెకు చూపించాను.

"సముద్రపు దొంగల కథమ్మా. సినిమా కూడా తీశారు."

"ఇది తొలిసూలు బిడ్డప్పా. నిధి తవ్వేటోళ్లు బలికి ఇట్లాంటోళ్లనే ఎతుకుతారు. నీ కతలో ఎవుర్ని బలిచ్చినారు?"

ఎవరినీ లేదనబోయాను. కానీ నిధి పాతించిన దొంగల నాయకుడు, గొయ్యి తవ్వినవాళ్లందరినీ అక్కడే చంపేస్తాడు. సినిమాలో వాళ్ల ఎముకలు కనిపిస్తే, నిధి దగ్గరికొచ్చిందని నేను సంబరపడ్డాను.

"తవ్వినోళ్లను," అన్నాను.

ఆమె తలూపి, "కతంట లేప్పా," అని ముందువాళ్లకు చెప్పింది. వాళ్లు తిరిగిపోయారు. ఎమ్మిగనూరులో దిగేదాకా ఆమె మాత్రం పాప చెయ్యి వదల్లేదు.

మా అమ్మాయీ తొలిచూలు బిడ్డే. పుస్తకం ఇంకా నా సంచిలోనే ఉంది.