ఊ కొట్టేవాళ్లు లేని కథ

కథల మీద పెద్ద చదువులు చదువుతారని ఆ పిల్ల వచ్చేదాకా నాకు తెలియదు. కోదాడ అమ్మాయి. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. చివ్వెంలలో బస్సు దిగి, దారి అడుగుతూ మా ఇంటికి వచ్చింది.

"మీ అత్తగారి కథలన్నీ మీకొచ్చంట కదా పెద్దమ్మా, రికార్డు చేసుకుంటాను" అంది.

"గీ కథలు సదివితే కొలువిస్తరా బిడ్డా?" నేను నోరు తెరిచాను.

"ముందు డిగ్రీ ఇస్తారు పెద్దమ్మా."

అత్తమ్మ మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్షవాతం వచ్చి సూర్యాపేట దవాఖాన నుంచి తెచ్చుకున్నప్పటి నుంచి ఆమె నోట చిన్న చప్పుడు కూడా లేదు. ఇక మాట రావడం కష్టమేనన్నాడు డాక్టరు. నేను మాత్రం అన్నం తినిపించినప్పుడల్లా ఏదో ఒకటి అడిగి, జవాబు కోసం చూసేదాన్ని.

సొరకాయలో దాక్కున్న రాజు బిడ్డ కథ ఎత్తుకున్నాను. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, మిరపకాయల తొడిమలు తీస్తూ అత్తమ్మ చెప్పిన కథ.

"అనగనగా ఒక రాజుకు ఒక్కతే బిడ్డ" అని ఆగాను. పిల్ల కిక్కురుమనలేదు.

"ఊ అనవేంది?"

"నా గొంతు పడితే రికార్డు పాడవుద్ది పెద్దమ్మా. మీరు ఆగకుండా చెప్పండి."

నాకు దిమ్మ తిరిగింది. మా ఇళ్లలో ఊ ఆగిందంటే వినేవాళ్లు నిద్రపోయినట్టే, కథ అక్కడికి ఆపేస్తాం. ఊ లేకుండా కథ ఎట్లా నడుస్తుంది? అయినా, "సవతి తల్లి ఆ బిడ్డను అడవికి తోలింది" అని, అలవాటు కొద్దీ మళ్లీ ఆగాను.

"ఊ."

పిల్ల పెదవులు మూసుకునే ఉన్నాయి.

"నువ్వన్నవా?"

కాదని తల ఊపింది. దాని కళ్లు మంచం వైపే ఉన్నాయి. మంచం దగ్గరికి లేవబోయి ఆగాను. కథ ఆపితే ఆ ఊ కూడా ఆగిపోతుందేమో!

"అడవిల ఒక సొరతీగ ఉన్నది" అన్నాను.

"ఊ."

సొరకాయ పగిలింది. రాజు బిడ్డ బయటికొచ్చింది, పెళ్లయింది. అక్కడికి కథ ఖతం. నేను కానిస్తేగా! ఆమెకో కూతుర్ని పుట్టించాను, బడికి పంపాను, మిర్యాలగూడ బస్సు ఎక్కించాను.

"రాజుల కాలంలో బస్సేంటి పెద్దమ్మా?" కళ్లు తుడుచుకుంటూ గుసగుసగా అడిగింది పిల్ల.

"సప్పుడు చెయ్యకు బిడ్డా, నీ రికార్డు పాడైతది" అన్నాను. "ఇగ ఆ బస్సుల కిటికీ పక్కన కూసున్నది..."

మంచంలోంచి మళ్లీ వచ్చింది, "ఊ."