మా నాయన చేతికోసం కొన్న హీటరు

నర్సరావుపేటలో షెడ్డు వెచ్చబెట్టుకోడానికి హీటరు కొన్నామంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వారు కూడా. ఎండాకాలం వచ్చిందంటే మా రేకుల షెడ్డులో పానా పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటది. మా నాయన దానికి తడిగుడ్డ చుట్టి పట్టుకునేవాడు. అట్టాంటి షెడ్డులోకి హీటరు. ఎందుకు కొన్నామో చెప్తా.

ఆ షెడ్డు మాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నోళ్ళు జీపు పెట్టుకోడానికి వేసుకున్నది. మేం వచ్చాక నాయన దాన్ని వర్కుషాపు చేశాడు. కాలిపోయిన పొలం మోటార్లు చుట్టేవాడు. చుట్టడమంటే, లోపల మాడిపోయిన రాగితీగంతా పీకేసి, కొత్త తీగ కాయిల్స్‌గా చుట్టి మళ్ళీ కూర్చడం. మేం దూదేకులోళ్ళం. మా తాత ఊరూరూ తిరిగి పరుపులకి దూది ఏకినోడు. ఆ నూగు పడక నాయన చిన్నప్పుడే మోటార్ల పన్లోకి పోయాడంట. నేనేమో ఏడో తరగతితో బడి మానేశా. ఇంట్లో పనైపోతే షెడ్డులో చేరి తీగ అందిస్తా, వార్నీషు డబ్బా పట్టుకుంటా, వీధిలో కబుర్లన్నీ చెప్పేదాన్ని.

"మోటారన్నా ఆగుద్ది గానీ నీ నోరు ఆగదే" అనేవాడు నాయన. ఆపమని మాత్రం ఎప్పుడూ అన్లా.

ఆ ఏడు చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. కుడిచెయ్యి. వేళ్ళు కదుల్తన్నయ్యి, గుండీ పట్టుకుంటన్నయ్యి, కానీ పట్టుకున్నట్టు ఆయనకి తెలవట్లా. మాయమ్మ గుండీలు పెడతా, "ఏందయ్యా, చిన్నపిల్లోడివై పోయావా" అని నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ మర్నాడు టీ గ్లాసు జారి పడింది. అప్పుడు ఎవరం నవ్వలా.

గుంటూరు తీసకపోయాం. డాక్టరు సూదితో వేళ్ళమీద గుచ్చతా, తెలుస్తందా, తెలుస్తందా అని అడిగాడు. నరాలన్నాడు, ఇప్పుడే ఏం చెప్పలేనన్నాడు, బిళ్ళలు రాశాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు కుదుపులకి ఆ మాటలన్నీ యాడో జారిపోయినట్టున్నయ్యి. ఇంటికొచ్చేసరికి మా దగ్గర ఒక్క మాటే మిగిలింది, చలి పట్టిందని. దాన్ని గట్టి చేసింది మా నాయనమ్మ.

"మీ తాతకీ ఇంతేనే. చలికాలం ఏకుడుబద్ద పట్టుకోని పట్టుకోని వేళ్ళు కొయ్యబారిపోయేయి. చెయ్యి నాది కాదే అనేవాడు. ఎండెక్కేదాకా పొయ్యికాడ కూచుంటే మళ్ళీ మామూలే. మన ఇంట్లో మగోళ్ళ చేతులే అంత."

ఆ మాట మాకు ఎంత హాయిగా ఉందో. డాక్టరు చెప్పిందానికంటే ఇది బాగుంది. ఇది మనింట్లోదే, పోయేదే.

ఇంక ఆ చేత్తోనే పని చేశాడు. తీగ చుట్టేటప్పుడు ఎడం చేత్తో మిషను పిడి తిప్పుతా, కుడిచేతి బొటనేలు, చూపుడేలు మధ్య తీగని జారనివ్వాల. గట్టిగా పడితే తీగ పైపూత గీసుకుపోద్ది, ఒదులుగా పడితే కాయిలు ఉబ్బుద్ది. ఎంత పట్టాలో వేళ్ళకే తెలవాల. కాయిలు అయ్యాక నాయన కళ్ళు మూసుకోని దానిమీద బొటనేలు పోనిచ్చేవాడు. గీతపడ్డ చోటు వేలికి దొరికేది. అప్పుడు గాని మోటార్లో పెట్టేవాడు కాదు. ఆ చలికాలం కూడా కళ్ళు మూసుకోని వేలు పోనిచ్చి, "బాగుంది" అనేవాడు.

బాగాలా. చుట్టిచ్చిన మోటార్లు తిరిగి రావడం మొదలైంది. గురజాల కాణ్ణించి ఒక రైతు, మిరపతోట ఆయన, మోటారుని బస్సు టాపు మీద ఏసకొచ్చి షెడ్డు ముందు దించాడు.

"ఏం సాయిబూ, రాగితీగతో చుట్టావా, పురికొసతో చుట్టావా? వారం తిరక్కముందే పొగలొచ్చింది. కాయ దిగే టైములో తోట ఎండుద్ది. నువ్వొచ్చి ఉమ్మేసి తడుపుతావా?"

నాయనకి మామూలుగా అయితే మాటకి మాట ఉంటది. ఆ రోజు చెయ్యి తువ్వాల్లో పెట్టుకోని, "చలికి చెయ్యి బిగుసుకుంది అయ్యా. షెడ్డు వెచ్చబెడితే సరిపోద్ది. మళ్ళీ చుట్టిస్తా, నాది పూచీ" అన్నాడు.

ఆయన మెత్తబడి, "అయితే వెచ్చబెట్టు మరి. నిన్ను కాదని ఇంకోడికి ఇచ్చే అలవాటు లేదు నాకు" అని మోటారు అక్కడే పెట్టి పోయాడు.

అట్టా హీటరు సంగతి వచ్చింది. ఏది పెట్టాలని ఇంట్లో పెద్ద గోల. నాయనమ్మ బొగ్గుల కుంపటి అంది. నాయన ఒప్పుకోలా. "వార్నీషు, థిన్నరు డబ్బాలుండే చోట నిప్పు పెడితే చెయ్యేంది, షెడ్డే వెచ్చగా పోద్ది" అన్నాడు. మాయమ్మ రంపప్పొట్టు పొయ్యి పెడదాం, నిప్పు పైకి రాదు అంది. పొగ వస్తది, నాయనకి ఆ పొగకి దగ్గొస్తది. పెద్ద బల్బులు రెండు దగ్గరగా కట్టుకుందామని నేనన్నా. కట్టి చూశాం. వెలుతురు బాగుంది, వేడి ముక్కుకి తగుల్తంది గానీ చేతికి తగల్లా. "దీనికింద కోడిపిల్లల్ని పెంచుకోవచ్చే" అన్నాడు నాయన.

ఆఖరికి కరెంటు హీటరని తేలింది. నేనూ నాయనా స్టేషన్ రోడ్డులో కరెంటు సామాన్ల కొట్టుకి పోయాం. శెట్టిగారు నాయనకి బాగా తెలిసినోడే, తీగ ఆయన దగ్గరే తెస్తాం.

"హీటరా? నీళ్ళు కాచుకునే రాడ్డు ఉంది, తీసకపో."

"నీళ్ళకి కాదు శెట్టీ, షెడ్డుకి."

"షెడ్డుకా! ఏందన్నా, నీకేమన్నా కులూలో కొండమీద బంగళా వచ్చిందా? రెండు నెలలాగు, ఎండలే ఊరికినే ఇస్తా."

నేనాగలా. "మా నాయన చేతికి చలి పట్టింది శెట్టిగారూ. ఎండలదాకా ఆగితే ఊళ్ళో మోటార్లన్నీ మీ కొట్టు ముందు దించుతారు, మీరు చుడతారా?"

"అబ్బో, నీ కూతురు వకీలు అన్నా" అని నవ్వి, అటక మీంచి దుమ్ముకొట్టుకుపోయిన అట్టపెట్టె దించాడు. ఎవరో ఆఫీసరు తెప్పించమని చెప్పి, తర్వాత బదిలీ అయి పోయాడంట. అప్పట్నించీ అక్కడే ఉంది. లోపల తళతళలాడే పళ్ళెంలాంటి రేకు, మధ్యలో తీగ చుట్టిన పింగాణీ కడ్డీ, ముందు ఇనప జల్లెడ. ఆ పళ్ళెంలో నా మొహం సాగిపోయి కనపడింది. నాకది చానా నచ్చింది. నాయన తీగ చూశాడు, ప్లగ్గు చూశాడు, బాగుపడే ఓపిక ఉన్న వస్తువే అన్నాడు. తీసకొచ్చాం.

మొదటి రోజు ఓల్టేజీ లేక కడ్డీ ఉల్లిపాయ పొట్టు రంగు దాటలా. మర్నాడు బాగా ఎర్రబడింది. నాయన చెయ్యి దాని ముందు అటూ ఇటూ తిప్పుతా కూచున్నాడు. మాయమ్మ గుమ్మంలో, నాయనమ్మ మంచం మీద, నేను ఆయన పక్కనే. అందరం ఆ చెయ్యే చూస్తన్నాం.

"తెలుస్తందా నాయనా?"

"ఆ, తెలుస్తంది."

"వెచ్చగా ఉందా?"

"ఉందే. వెచ్చగా ఉంది."

మాయమ్మ లోపలికి పోయి ఆ పొద్దున సేమ్యా చేసింది. నాయనమ్మ, "నేను చెప్పలా" అని వీధంతా చెప్పుకుంది. నాకు ఎన్ని కబుర్లు వచ్చినయ్యో ఆ నాలుగు రోజులూ. తాత దూది ఏకిన ఊళ్ళన్నీ నాయన చేత చెప్పించా.

తర్వాత మిరపతోట ఆయన మోటారు ఎట్టా ఉందో చూసిపోదామని వచ్చాడు. నాయన కాయిలు చుట్టడం ఆపి ఆయనతో మాట్లాడతన్నాడు. స్టూలు మీద హీటరు, దాని పక్కన నాయన. తోటలో కాయ ఎట్టా ఉంది, ఈసారి ధర ఎట్టా ఉంటది, అట్టాంటి మాటలు. ఏదో జోకు వేస్తే ఇద్దరూ నవ్వుతన్నారు. నాకు కాలిన వాసన వచ్చింది. మా షెడ్డులో ఎప్పుడూ ఏదో ఒకటి కాలిన వాసనే కాబట్టి మోటార్ల వైపు చూశా. ఏ మోటారూ తిరగట్లా. మళ్ళీ చూశా.

నాయన కుడిచెయ్యి హీటరు జల్లెడ మీద ఉంది. ఊతంగా ఆనించుకున్నాడు, గోడకి ఆనించినట్టు. నవ్వుతా చెప్తన్నాడు ఇంకా.

"నాయనా, చెయ్యి."

అంతే అన్నా. అరవలా కూడా. ఆయన నా మొహం చూసి, తర్వాత కిందకి చూశాడు. ఎవరిదో పానా అక్కడ మర్చిపోయినట్టు చూశాడు తన చేతిని. తర్వాత ఎడం చేత్తో దాని మణికట్టు పట్టుకోని పక్కకి తీశాడు. అరచేతిలో జల్లెడ గళ్ళు పడి ఉన్నయ్యి. ఆయన మొహంలో నొప్పి లేదు. ఏం లేదు.

మిరపతోట ఆయనే ప్లగ్గు పీకాడు. "నీళ్ళు తే అమ్మాయ్, నీళ్ళు" అన్నాడు. నేను పోయి నీళ్ళు తెచ్చా. చెంబు నిండా తెచ్చా, ఒక్క చుక్క తొణకలా. అది నాకు బాగా గుర్తు. ఏడుపు రాలా. నీళ్ళల్లో చెయ్యి పెట్టించి పక్కన కూచోని, స్టూలుకి ఒక మేకు లేచింది, కొట్టాల అనుకుంటా ఉన్నా.

మాయమ్మ వచ్చి చూసింది. డాక్టరు చెప్పింది ఆమెకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "నరాలన్నాడు గదయ్యా ఆయన" అంది నెమ్మదిగా. "ఇన్నాళ్ళూ తెలుస్తందన్నావే?"

"తెలుస్తదేమో అనుకున్నా" అన్నాడు నాయన.

నాయనమ్మ దుప్పటి కప్పుకోని గోడవైపు తిరిగి పడుకుంది. సైకిలెక్కి కాంపౌండరు దగ్గరికి పోయి కట్టు కట్టించుకొచ్చాడు నాయన. ఆ పూట ఇంట్లో అన్నం వండారు, అందరం తిన్నాం. ఉప్పు ఉందో లేదో నేను చెప్పలేను.

మర్నాడు పొద్దున షెడ్డులోకి పోతే ఆయన తన పీట మీద కాకుండా నేను కూచునే డబ్బా మీద కూచోని ఉన్నాడు. చుట్టుడు మిషను ముందు పీట ఖాళీ.

"కూచో" అన్నాడు.

"నాకు రాదు నాయనా."

"తీగ అందించేదానివి గదా. ఇప్పుడు పట్టుకో."

కూచున్నా. తీగ బొటనేలికీ చూపుడేలికీ మధ్య పెట్టా. ఎంత పట్టాలో ఆయన మాటల్లో చెప్పబోయి ఆగిపోతన్నాడు. చూపిద్దామని చెయ్యి ముందుకి తెచ్చి, కట్టు చూసుకోని మళ్ళీ వెనక్కి తీసుకుంటన్నాడు. "ఒదులు... ఇంకాస్త... కాదు, ఎక్కువైంది." ఎన్ని కాయిల్సు పాడుచేశానో. ఆ తీగంతా విప్పి మళ్ళీ చుట్టా. నేను నోరెత్తకుండా పని చేయడం అదే మొదలు. షెడ్డులో మిషను పళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాయిలు అయ్యాక, "కళ్ళు మూసుకో. వేలు పోనియ్" అన్నాడు. పోనిచ్చా. నున్నగా పోతా పోతా ఒకచోట గరుకు తగిలింది, ఇసక రేణువంత.

"ఇక్కడ గీసుకుంది నాయనా."

ఆయన అక్కడ ఎడంచేతి వేలు పెట్టి చూశాడు. చానాసేపు ఉంచాడు. "ఆ" అన్నాడు. "తీసెయ్. మళ్ళీ చుట్టు."

మిరపతోట ఆయన మోటారు నేనే చుట్టా. కూర్చేటప్పుడు వెదురుబద్దతో తీగల్ని లోపలికి నెట్టాల. ఎడం చేత్తో ఆయన ఒక పక్క పట్టుకుంటే నేను నెట్టా. వార్నీషు ఆరడానికి హీటరు పనికొచ్చింది. దూరంగా పెట్టమన్నాడు, డబ్బాలు బయట పెట్టాక వెలిగించమన్నాడు. అది ఆరాక కూడా ఆపలా. హీటరుని నా వైపు తిప్పి పెట్టాడు. తనకి వద్దని కాదు, ఆయనకి అదెటు తిరిగినా ఒకటే.

ఆ రైతు వచ్చిన రోజు మోటారు వాకిట్లో పెట్టి కరెంటిచ్చాం. తిరిగింది. వెనకటి మోటార్లకైతే నాయన కాసేపు తిరగనిచ్చి, ఒంటిమీద అరచెయ్యి పెట్టి చూసి, ఇంక తీసకపోండి అనేవాడు. కాలుద్దంటే లోపల తప్పుందని.

ఆయన అలవాటు చొప్పున ముందుకి ఒంగాడు. ఒంగి, చేతులు రెండూ తువ్వాల్లో పెట్టేసుకున్నాడు.

"నువ్వు చూడు" అన్నాడు నాతో.

నేను అరచెయ్యి పెట్టా. ఇద్దరూ నా మొహమే చూస్తన్నారు.

"గోరువెచ్చగా ఉంది నాయనా" అన్నా.