మేడమీది మెషీనూ, మేడమావయ్య మోకాలూ

"...మోకాలు ముఖ్యమా, మెషీన్ ముఖ్యమా అని అడుగుతున్నాను," అంటోంది భార్య.

"రెండూ నావే కదా."

"అయితే ఒక్కదాన్నైనా సరిగ్గా చూసుకోండి. ఇంకా మెట్లెక్కితే ఆపరేషనే అని డాక్టరు చెప్పాక కూడా ఆ చెప్పులకేసి చూస్తారేం?"

గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఆయన్ని అక్కడ అందరూ మేడమావయ్య అంటారు. అక్కడి కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కైన లినక్స్ సర్వరు ఇరుకు మెట్ల చివర, మేడమీది గదిలో ఉంది. ప్రింటర్లు, నెట్‌వర్కు, బయటివాళ్లు చొరబడకుండా కాపలా కాసే ఫైర్‌వాల్, అన్నిటినీ ఒకేచోట సర్దే సెట్టింగుల ప్రోగ్రాం అందులో ఉంది. దాన్ని ఇంటి నుంచి కూడా తెరవచ్చని కింద వాళ్లకు చెప్పిందే ఆయన. తాను మాత్రం పైకెక్కి, స్టూలు లాక్కుని, తెరమీది దుమ్ము తుడిచి, మౌసు పట్టుకుంటే తప్ప పని చేసినట్టుండదు.

"కట్టుకున్నదాని మొహం ఏనాడైనా అంత శ్రద్ధగా చూశారా?" అంది భార్య.

ఇంటి నుంచే పని కానిద్దామని ఆయన లాప్‌టాప్ తెరిచాడు. పాస్‌వర్డ్ అడిగేసరికి భుజం అడ్డం పెట్టాడు.

"నేను చూస్తే అరిగిపోతుందా?"

"రూలు రూలే."

ఆమె చాలా ఏళ్లు టైపు నేర్పిన మనిషి. అటు తిరిగి, చప్పుడు విని, "మధ్యలో తడబడ్డారు," అంది. నిజమే, పాస్‌వర్డ్ తప్పని వచ్చింది. రెండోసారి నెమ్మదిగా కొట్టాడు.

ప్రోగ్రాం తెరుచుకుంది. బొమ్మల్లేవు, మౌసుకు పనిలేదు. నీలం తెరమీద ఉత్త అక్షరాలు, బాణం మీటలతోనే నడక. మొదట మొహం ముడుచుకున్నాడు. కాసేపటికి అన్నీ మేడమీద ఉన్న వరుసలోనే ఉన్నాయని తెలిసింది. గ్రంథాలయంలో పొద్దుట్నుంచి మొండికేసిన ప్రింటరు దారికొచ్చింది. దాంతో ఊపొచ్చి ఫైర్‌వాల్‌లోకి దిగాడు. పుస్తకాలిచ్చే పనికి కావలసిన దారి ఒక్కటి ఉంచి, మిగతావన్నీ టకటకా మూసి, సేవ్ నొక్కాడు.

తెర బిగుసుకుపోయింది. ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

కౌంటరుకు ఫోన్ చేశాడు. "ఇక్కడంతా బానే ఉంది మావయ్యా. మీకే రావట్లేదా?" అంది అక్కడి అమ్మాయి.

ఫోన్ పెట్టేసి, తాను లోపలికి వెళ్లిన దారిని కూడా తానే మూసేసిన సంగతి భార్యకు చెప్పక తప్పలేదు.

"అంటే ఇంటికి తాళం వేసి, తాళంచెవి లోపలే వదిలి, వీధిలో నిలబడ్డారన్నమాట."

"మళ్లీ తెరవాలంటే ఆ మెషీన్ ముందే కూర్చోవాలి మరి," అన్నాడు. గొంతులో బాధకన్నా హుషారే ఎక్కువ వినబడింది. బల్ల పట్టుకుని లేస్తుంటే మోకాలు కటుక్కుమంది. చెప్పుల దగ్గరికి చేరేసరికి, ఆమె అప్పటికే తన చెప్పులు వేసుకుని చెయ్యి చాపి ఉంది.

"గది తాళంచెవి ఇలా ఇవ్వండి. నేనెక్కుతాను. ఏ మీట నొక్కాలో ఇక్కణ్ణుంచి చెబుదురుగాని. పాస్‌వర్డ్ పైకెళ్లాక ఫోన్ చేసి అడుగుతా."