గౌలిపురాలో అమెరికా ఓట్లు

నేను హైదరాబాదులోని గౌలిపురాకు కోడలిగా వచ్చిన కొత్తలోనే యూరపులో యుద్ధం మొదలైంది. మా మామగారికి బర్రెల దొడ్డి ఉండేది. ఆయనకు చదువు రాదు, లోకం మీద అభిప్రాయాలకు మాత్రం కొదవ లేదు. పుట్టింట్లో నాకు తెలుగు చదవడం నేర్పారని తెలిసిన నాటి నుంచి పేపరు చదివి వినిపించే పని నాకు పడింది. మధ్యాహ్నం పనులు తెమిలాక నేను కొంగు కప్పుకొని గడప లోపల కూర్చుని చదివేదాన్ని. ఆయన దొడ్డిలో తాళ్లు పేనుతూ వినేవాడు.

పక్కింట్లో రైల్వే ఫిట్టరు ఉండేవాడు. క్రైస్తవుడు. మామగారిని అన్నా అని పిలిచేవాడు. డ్యూటీ దిగి వస్తూ మలక్‌పేటలో ఒక ఇరానీ హోటల్లో రేడియో విని, ఆ వార్తలు మోసుకొచ్చేవాడు. నా పేపరు, ఆయన రేడియో కలిస్తే మా దొడ్డికి ప్రపంచమంతా వచ్చినట్టే.

1940లో అమెరికాకు ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. ఉన్నాయనే మూడోసారి నిలబడ్డాడు. అక్కడ అంతకుముందు ఎవరూ మూడోసారి గెలవలేదట. ఆయన పేరు గానీ, పోటీ చేసినాయన పేరు గానీ మా నోళ్లు తిరిగేవి కావు. అందుకని ఒకరు పాతాయన, ఒకరు కొత్తాయన అయ్యారు.

"కష్టకాలంల పనిలేనోళ్లకు పని చూపిచ్చిండు పాతాయన. అసొంటోన్ని ఎందుకు దించాలె?" అనేవాడు ఫిట్టరు.

"మంచోడే కావొచ్చు తమ్మీ," అనేవాడు మామగారు. "గనీ ఒక్క చెయ్యికే మరిగిన బర్రె, ఆ చెయ్యి లేనినాడు తంతది. మూడోసారి వద్దు. ఇంకోటి, ఇంగ్లీషోళ్లకు తుపాకులు, హతియార్లు ఇస్తడంట, లడాయికి మాత్రం పోడంట. గడ్డి మోపు నెత్తికెత్తుకున్నోడు బర్రెను కొనకుంట ఉంటడా?"

చదవగా చదవగా నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది. ఒకరోజు పేపరు మడిచి ధైర్యం చేసి అన్నాను. "ఇద్దరు ఒకటే మాట చెప్తున్నరు మామా. హతియార్లు ఇస్తమనీ ఇద్దరంటరు, లడాయికి పోమనీ ఇద్దరంటరు. యూరపు దేశాలకు స్వతంత్రం కావాలని మస్తు బాధపడుతున్నరు. అదే ఇంగ్లీషోళ్ల కింద మనమున్నమని ఒక్కరన్నా అనలే."

కోడలు నోరు విప్పిందని ఆయన కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన చేతిలో తాడు ఆపి, "ఇట్ల చెప్పాలె. ఉత్తగ చదువుడు కాదు," అన్నాడు. ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఎన్నిక దగ్గర పడ్డకొద్దీ వాళ్లిద్దరి మాటలు ముదిరాయి. ఒకనాడు ఫిట్టరు ఉండబట్టలేక, "నీకు బర్రెలు తప్ప దునియా ఏం తెల్వదన్నా," అనేశాడు. మామగారు లేచి లోపలికి వచ్చేశాడు. మర్నాడు పాలకోసం ఫిట్టరింటి గిన్నె రాలేదు. ఫిట్టరు భార్యకూ మా అత్తకూ పొద్దున పాలు పోసేటప్పుడే కష్టం సుఖం మాట్లాడుకోవడం అలవాటు. ఆ మాటలూ ఆగిపోయాయి.

అత్త మజ్జిగ చిలుకుతూ సణిగింది. "అమెరికా తూర్పున ఉన్నదో పడమట ఉన్నదో ఇద్దరికీ తెల్వదు. దానికోసం మాటలు బంద్ వెట్టుకున్నరు. ఆ దేశంల ఈ లొల్లి ఎట్ల తెంపుతరే?"

"ఓట్లేసి తెంపుతరత్తా."

"ఎవరేస్తరు?"

"అందరేస్తరు. ఆడోళ్లు గూడ."

కవ్వం ఆగింది. "మళ్లొకసారి చెప్పు బిడ్డా."

మళ్లీ చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని సరాసరి ఫిట్టరింటికి వెళ్లింది. ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక మా దొడ్డిలోనే ఓట్లు వేయాలని, పాతాయన తరఫున ఫిట్టరు, కొత్తాయన తరఫున మామగారు మాట్లాడాలని తేల్చి వచ్చింది. మగవాళ్లిద్దరికీ కాదనే దారి లేకపోయింది.

ఆదివారం గల్లీ గల్లీ అంతా వచ్చింది. అప్పటిదాకా ఓటన్నది వేసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. పాతాయనకు ఇత్తడి బిందె, కొత్తాయనకు మట్టికుండ పెట్టి, పైన గుడ్డలు కట్టి, చెయ్యి పట్టేంత సందు ఉంచాము. మనిషికో చింతగింజ.

ఫిట్టరు చొక్కా గుండీ పెట్టుకుని బాగానే మాట్లాడాడు. మామగారు బర్రె సామెతే మళ్లీ చెప్పాడు, జనం నవ్వారు. అప్పుడు అత్త లేచింది.

"ఇద్దర్ల ఎవరొస్తె లడాయి జల్ది ఆగుతది? గది చెప్పుండ్రి."

"లడాయి ఆపుడు వాళ్ల చేతిల లేదు వదినా," అన్నాడు ఫిట్టరు.

"మరి ఏం చేతిలున్నదని ఓటడుగుతున్నరు?"

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. సరిగ్గా ఆ నవ్వుకే వాకిట్లో పోలీసు జవాను ప్రత్యక్షమయ్యాడు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో పర్మిషను లేకుండా సభ పెట్టకూడదు. నేను ఒళ్లో ఉన్న పేపరును కొంగు కింద దాచేశాను. పేపరు చదివింది నేనే కదా.

"క్యా చల్‌రా యహా?" అని గద్దించాడు జవాను, ఇక్కడేం నడుస్తోందని.

"కుచ్ నై సాబ్," అన్నాడు మామగారు చేతులు కట్టుకుని. "అమ్రీకా కా ఎలక్షన్."

జవాను బిందెను చూశాడు, కుండను చూశాడు. ఈ సభ నిజాం మీదా కాదు, ఇంగ్లీషు వాళ్ల మీదా కాదు. ఏ కాయిదా కింద పట్టుకోవాలో ఆయనకు తోచినట్టు లేదు. అత్త పెద్ద గ్లాసుతో పాలు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, ఎవరు ఎవరని అడిగాడు. ఫిట్టరు ఓపిగ్గా ఉర్దూలో చెప్పాడు. అంతా విని జవాను చెయ్యి చాచాడు. నేనొక చింతగింజ ఇచ్చాను. ఎందులో వేశాడో చూడకూడదని అందరం మొహాలు తిప్పుకున్నాము.

కొద్ది గింజల తేడాతో మట్టికుండ గెలిచింది. గౌలిపురాలో కొత్తాయన ప్రెసిడెంటయ్యాడు. మామగారు ఆ సాయంత్రం బర్రెల మధ్య మీసం సవరించుకుంటూ తిరిగాడు.

ఆ తర్వాత అసలు ఫలితం వచ్చింది. అక్కడ పాతాయనే గెలిచాడు. ఆ ఉదయం పాలగిన్నె ఫిట్టరే పట్టుకొచ్చాడు, రెండో చేతిలో జిలేబీ పొట్లం. "అన్నా, నువ్వు గౌలిపుర గెలిచినవ్, నేను అమెరికా గెలిచిన. బరాబర్."

మామగారు ముందు పొట్లం తీసుకున్నాడు, తర్వాత నవ్వాడు. ఆడవాళ్లిద్దరూ అప్పటికే మాటల్లో పడిపోయారు.

మరుసటి ఏడాది చివర్లో అమెరికా యుద్ధంలోకి దిగింది. నేను ఆ వార్త చదవడం పూర్తి కాకముందే మామగారు, "చెప్పిన గద," అన్నాడు. "జపానోళ్లు ఇంటి మీదికొచ్చి బాంబులేస్తె ఊకుంటరా అన్నా?" అన్నాడు ఫిట్టరు. ఆ మధ్యాహ్నమంతా వాదించుకున్నారు గానీ ఈసారి ఎవరూ లేచి వెళ్లలేదు.

"ఎవరు గెలిచినా గిదే అవుతుండె," అన్నాను గడప లోపలి నుంచి.

అది ఇద్దరికీ నచ్చలేదు. చేతిలో తాడు వదిలేసి మామగారు, బీడీ ఆర్పి ఫిట్టరు, ఇద్దరూ ఒక్క జట్టయి నా వైపు తిరిగారు.