నెమవాషి తెలిసిన మస్తాన్ సాయిబుగారు

మా నిమ్మతోటలకు పెద్దదిక్కయిన మస్తాన్ సాయిబుగారు హఠాత్తుగా కన్నుమూశారని చిట్టమూరు నుంచి నాన్న రాసిన కార్డు ముత్తుకూరు బడిలో నా చేతికి అందింది. రెండుసార్లు చదివినా నమ్మబుద్ధి కాలేదు. ఆ పూట పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు.

యుద్ధకాలంలో మలయాలో ఒక జపాను అధికారి తోటలో పనిచేసిన సాయిబుగారు అక్కడి నుంచి తెచ్చుకున్న ఆస్తి ఒకే ఒక్క మాట: నెమవాషి. ఎదిగిన చెట్టును మరోచోటికి మార్చే ముందు చుట్టూ తవ్వి, వేళ్లను ఒక్కో వైపే కోసి, కొత్త పీచువేళ్లు పుట్టేదాకా ఆగడం. పెద్దపని ఏదైనా తలపెట్టేటప్పుడు సంబంధించిన వారిని ముందుగా విడివిడిగా కలిసి మనసు కుదర్చడాన్ని కూడా జపానులో అదే మాటతో చెబుతారట. కాలువకు అడ్డొచ్చిన మా పదేళ్ల నిమ్మచెట్టును ఆయన అలాగే మార్చి బతికించారు. నిదానమే ఆయన పాండిత్యం. నాకేమో పుట్టుకతోనే ఓపిక తక్కువ. ఆయన పని చూస్తుంటే ఆవలింతలు వచ్చేవి.

నెల్లూరు ట్రైనింగు స్కూల్లో నాకు సీటొచ్చినప్పుడు, తల్లిలేని నన్ను పెంచిన అవ్వ పంపనంటే పంపనంది. నేను అన్నం మానేశాను. నా తరఫున మాట్లాడమని సాయిబుగారిని బతిమాలాను.

"ఈ ఏడు వద్దు పాపా. ఉన్నట్టుండి పెరికినామంటే నువ్వు బతుకుతావు, అవ్వ బతకదు" అన్నారు.

సీటు పోయింది. నెలల తరబడి ఆయన ముఖం చూడలేదు నేను.

ఆయన మాత్రం తోటపని కాగానే రోజూ వచ్చి అవ్వతో కబుర్లాడేవారు. నన్ను నాయుడుపేట అత్త ఇంటికి రెండు రోజులు పంపేందుకు ఆమెను ఒప్పించారు. తర్వాత వారం, ఆ తర్వాత నెల. నేను లేనప్పుడు అవ్వకు తోడుగా తన కూతుర్ని పంపేవారు. మరుసటి ఏడు సీటు మళ్లీ వచ్చింది. ఈసారి నా పెట్టె సర్దింది అవ్వే. బండి కదిలేటప్పుడు ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను.

నేటి నా ఉద్యోగం, నా గౌరవం ఆ సహనమూర్తి పెట్టిన భిక్ష. ఆనాటి నా అలకకు క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగనే లేదు. అటువంటి మనిషి మాకు మళ్లీ దొరకడు. ఆ పుణ్యాత్ముడికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నేను ఊరు చేరేసరికి ఖననం ముగిసింది. చెట్లకు పాదులు తీస్తూ ఒరిగిపోయారట, అంతే. అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నిన్ను పంపేదానికి ఏడాది నా చుట్టూ తిరిగినాడు. తను పోయేదానికి మటుకు ఒక్క పూటన్నా ముందు చెప్పకపాయ" అనింది.