స్లాబు రోజు భోజనం

మా పక్క స్థలంలో అపార్టుమెంటు కడుతున్నారు. తెల్లవారేసరికి తడి సిమెంటు వాసన కిటికీలోంచి వచ్చి మంచం దాకా పాకుతుంది. అందరికీ అది కొత్త ఇంటి వాసన. నాకు మాత్రం నోరు చేదవుతుంది. వాళ్ల గేటుకు పెద్ద బోర్డు కట్టారు. బిల్డరు పేరు కింద ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సరిగ్గా అలాంటి నంబరు ఒకటి ఉండాలని డెబ్బైల్లో సుగుణమ్మ టీచరు గారు అడిగితే బెజవాడలో నవ్వని ఆఫీసు లేదు.

ఆవిడ గుణదలలో ఒక మిషన్ బడిలో లెక్కల టీచరు. నేను పెడనలో మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చి అదే బడిలో తెలుగు చెప్పడానికి చేరాను. ఊళ్లో తెలిసినవాళ్లెవరూ లేరు. ఆవిడే నన్ను తనతో పాటు అద్దె ఇంట్లో పెట్టుకున్నారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్క కరుణమ్మ గారు, ఆవిడ, తర్వాత వచ్చి చేరిన నేను, అదీ సంసారం. పిల్లలకు ఆవిడంటే హడల్. జవాబు సరిగ్గా ఉన్నా వదిలేవారు కాదు, ఎలా వచ్చిందో బోర్డు మీద చేసి చూపించమనేవారు. చూపించలేకపోతే సున్నా. చిన్నపిల్లల మీద ఇంత కాఠిన్యం ఎందుకండీ అని నేనొకసారి అడిగితే, "గుడ్డిగా కొట్టిన దెబ్బ ఒకసారే తగులుతుంది రాజ్యం. రేపు వీళ్లు మందులిస్తారు, వంతెనలు కడతారు" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాను.

ఆవిడ జీవితంలో కోరుకున్నది ఒక్కటే, సొంత ఇల్లు. అక్క ఇంక ఎవరి గడపా తొక్కకూడదని ఆవిడ పంతం. కట్టే పని ప్రకాశరావు గారికి అప్పగించారు. ఆయన మా బడిని నడిపే చర్చిలో పెద్ద, ఆదివారం వాక్యం చదివే మనిషి. నిన్నటిదాకా ఇటుకల లారీలు తిప్పి, ఉన్నట్టుండి తెల్ల చొక్కా వేసుకుని కాంట్రాక్టరైపోయాడు. ఎవరూ ఏమిటని అడగలేదు. మన సంఘం మనిషి, మోసం చెయ్యడు అనుకున్నారు. మోసం వేరు, చేతకాకపోవడం వేరు అని మాకు అప్పటికి తెలియదు.

స్లాబు పోసే రోజు మా వైపు పెళ్లికి తక్కువేం కాదు. ఇంటివాళ్లు పనివాళ్లందరికీ భోజనం పెట్టాలి, మేస్త్రీకి బట్టలు పెట్టాలి. టీచరు గారు కొరమేను పులుసు వండించారు. మధ్యాహ్నానికి పాస్టరు గారు ప్రార్థనకు వచ్చారు. అప్పటికి ముందు గది మీద స్లాబు సగం పడింది. "అందరూ దిగి రండయ్యా, దేవుడి పేరు తలుచుకుని నాలుగు మెతుకులు తిందురుగాని" అని టీచరు గారు స్వయంగా కేకేశారు. సిమెంటు గమేళాలు అందించే ఆడవాళ్లు, కంకర కలిపేవాళ్లు అందరూ దిగారు. ప్రార్థన పొడుగైంది. ఎండ మండిపోతోంది. మొదటి బంతిలో పాస్టరు గారి పక్కన ప్రకాశరావు గారు కూర్చుని పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. నేనే వడ్డించాను. అందరూ తిని, కాస్త నడుం వాల్చి, మళ్లీ పైకెక్కి మిగతా సగం పోశారు. ఎంత బాగా జరిగిందో అని వీధంతా చెప్పుకున్నారు.

మూడో వర్షాకాలంలో ఆ గది పైకప్పు పెచ్చు ఒకటి ఊడి కరుణమ్మ గారి మీద పడింది. పట్టపగలు, కూరగాయలు తరుగుతూ కూర్చుని ఉన్నారు. నడుం విరిగింది. ఆవిడ మళ్లీ లేచి నడవలేదు. కాలువల శాఖలో చేసి రిటైరైన ఇంజనీరు ఒకాయన పక్క వీధిలో ఉండేవారు. ఆయన వచ్చి తలెత్తి చూసి, "సగంలో ఆపారా?" అని అడిగారు. భోజనాలకు ఆపామని చెప్పాం. ఆరిన సిమెంటు మీద కొత్త సిమెంటు పోస్తే రెండూ కలవవని, గది మధ్యలో అతుకు పడిందని, ఆ అతుకులోంచి నీళ్లు దిగి లోపలి ఇనుము తినేసిందని చెప్పారు. ఏ గదికా గది ఒక్క ఊపులో పోయాలట. "ఈ మాత్రం కట్టేవాడికి తెలియాలి కదమ్మా" అన్నారు.

టీచరు గారి మొహం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. "అన్నానికి పిలిచింది నేనే రాజ్యం" అన్నారు. ప్రకాశరావు గారు కూడా సరిగ్గా అదే అన్నాడు. "ఇంటావిడే దిగి రమ్మంటే నేనేం చెయ్యనండీ? పెట్టిన అన్నం కాదంటామా?" అని సంఘం పెద్దమనుషుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దమనుషులు తలలూపారు. అక్క మంచాన పడిందన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ తర్వాత ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగారు, తోడు నేను. ఆవిడకు నష్టపరిహారం అక్కర్లేదు. ఆ మనిషి ఇంకో ఇల్లు కట్టకూడదు, అంతే. గవర్నర్‌పేటలో ఒక ఆఫీసరు ఓపిగ్గా విని నవ్వాడు. "టీచరు గారూ, మేం ప్లానుకి పర్మిషన్ ఇస్తాం గానీ కట్టేవాడికి కాదండి. పేరు కొట్టెయ్యమంటున్నారు. కొట్టెయ్యాలంటే ముందు ఎక్కడో రాసి ఉండాలి కదండీ."

"గవర్నమెంటు పనులు చేసే కాంట్రాక్టర్లకి రిజిస్ట్రేషన్ ఉందంటగా?"

"అది గవర్నమెంటు పనులకండి. ప్రైవేటు ఇళ్లకు ఎవరైనా కట్టొచ్చు."

"అంటే సర్కారు డబ్బుకున్న కాపలా మా ప్రాణాలకు లేదన్నమాట" అన్నారు ఆవిడ. "మా ఇంట్లో రేడియో వినడానికి లైసెన్సు తీసుకున్నానండీ. నా సైకిలుకి మున్సిపాలిటీ బిళ్ల ఉంది. నా నెత్తిన స్లాబు పోసేవాడికి మాత్రం ఏమీ అక్కర్లేదు." ఆఫీసరు టీ తెప్పించాడు. అది కూడా మర్యాదే.

ఇళ్లు కట్టేవాళ్లంతా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలని ఆవిడ అర్జీ రాసి సంతకాలకు బయల్దేరారు. ఒప్పుకోని వాళ్లలో మా స్లాబు పోసిన కోటయ్య మేస్త్రీ ఒకడు. "మీరు చెప్పేది బాగానే ఉందండీ. కానీ ఆ రిజిస్ట్రేషన్ కోసం ఆఫీసు మెట్ల మీద పడిగాపులు పడేది మాలాంటోళ్లం. ప్రకాశరావు గారికి ఒక్క ఫోను చాలు, ఇంటికి తెచ్చిస్తారు. ఆయనకి కాయితం ఉంటది, మాకు కూడు పోద్ది" అన్నాడు. ఆవిడ అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని నడిచి, ఇంటి దగ్గర ఆగి, "కోటయ్య అన్నది నిజం. లంచం తిని ప్రకాశరావు పేరు రాస్తారు. రాయనీ. రాసి ఉంటే రేపు కొట్టెయ్యమని అడగడానికైనా చోటుంటుంది. ఇప్పుడు అడగడానికే చోటు లేదు" అన్నారు. ఇన్నేళ్లలో ఈ విషయం మీద పెద్ద పెద్దవాళ్ల ఉపన్యాసాలు విన్నాను. ఇంతకు మించి ఎవరూ చెప్పలేదు.

అర్జీ ఏ బల్ల కింద పడిందో తెలియదు గానీ మా బడికి కొత్త హాలు కట్టే పని మాత్రం ప్రకాశరావు గారికే ఇచ్చారు. పాస్టరు గారు ఇంటికి వచ్చి, సహోదరుణ్ణి క్షమించమని నచ్చజెప్పారు. "క్షమించానండి. పిల్లల నెత్తిన స్లాబు మాత్రం పోయనివ్వను" అన్నారు ఆవిడ. పోయనివ్వకపోవడానికి ఆవిడెవరు? బడి యాజమాన్యం తలుపు వేసేసింది. నోరు మూసుకోకపోతే ఉద్యోగం ఊడుతుందని చెప్పి పంపింది.

హాలు స్లాబు రోజున ఆవిడ సెలవు పెట్టి, పొద్దున్నే గొడుగు వేసుకుని నిచ్చెన మొదట్లో నిలబడ్డారు. పక్కన నేను. మధ్యాహ్నమైంది, షామియానా కింద విస్తళ్లు వేశారు. ప్రకాశరావు గారు అందరినీ దిగమని కేకేశాడు. టీచరు గారు నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డారు. "పని ఆపితే నేనిక్కడే కూర్చుంటాను. నన్ను తొక్కుకుంటూ దిగండి."

అతిథులు గొణిగారు. కూలివాళ్ల నోటి దగ్గర కూడు లాక్కుంటోందని ఎవరో గట్టిగానే అన్నారు. పై నుంచి కోటయ్య తొంగిచూశాడు. "కొందరు తినొస్తారు, కొందరు పోస్తారు. పని ఆగదు, సరేనాండీ?" అన్నాడు. ఆవిడ పక్కకు జరిగారు. వాళ్లు వంతులవారీగా తిని వచ్చారు. స్లాబు ఒక్క ఊపులో పడింది. పొద్దుగూకేదాకా ఆవిడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

హాలు పడలేదు. పెచ్చు కూడా ఊడలేదు. ప్రారంభోత్సవం నాడు ప్రకాశరావు గారికి శాలువా కప్పి, "కూలుతుందన్నవాళ్లు కూడా దయచేసి కూర్చున్నారు" అని వేదిక మీంచి చమత్కరించారు. ఊరంతా నవ్వింది. నిలబడిన ప్రతి ఏడూ ఆ హాలు ఆవిడ మీద సాక్ష్యం చెప్పింది. ఆవిడ నిలబడబట్టే అది నిలబడిందని నేను స్టాఫ్‌రూములో చెప్పబోతే, "ఊరుకోండి రాజ్యలక్ష్మి గారూ, ఇంకా అదే పాటా" అన్నారు. ఇంకో పక్క ప్రకాశరావు గారు వీధుల వెంట ఇళ్లు కట్టుకుంటూ పోయాడు. వాటిలో ఎవరెవరి నడుములు విరిగాయో నాకు తెలియదు.

కరుణమ్మ గారు పోయిన ఏడాదికే టీచరు గారూ పోయారు. సంతాప సభ ఆ హాల్లోనే పెట్టారు. గోడకు పాలరాతి పలక మీద ప్రకాశరావు గారి పేరుంది. చివర్లో ఆయనే లేచి, కళ్లు తుడుచుకుని, "టీచరు గారు నన్ను చాలా మాటలన్నారు. దేవుడి సాక్షిగా నేను ఆవిణ్ణి క్షమించాను" అన్నాడు. సభంతా ఆమెన్ అంది.

ఆవిడ నాకు ఇల్లు ఇచ్చారు, అన్నం పెట్టారు, పాఠం చెప్పే పద్ధతి నేర్పారు. అవన్నీ కాలంతో పాటు కరిగిపోయాయి. ఆ ఆమెన్ మాత్రం గొంతులో అలాగే ఉండిపోయింది. ఆ రోజు హాల్లో నేనొక్కదాన్నే అనలేదు. ఇప్పటికీ అనలేదు.