తల్లి పేరు: బాలమ్మ

పర్వతాలు గారికి కోపం వస్తే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. ఇక నీ కాగితం చదవను అని దానర్థం. సికిందరాబాదులో మా మున్సిపల్ ఆఫీసుకు పుట్టుక సర్టిఫికెట్ల కోసమో చావు సర్టిఫికెట్ల కోసమో వచ్చేవాళ్ళు ఆ కళ్ళజోడు ముక్కు మీద ఉందా, జేబులో ఉందా అని ముందు చూసుకునేవారు, తర్వాతే నమస్కారం పెట్టేవారు. నేను పక్క బల్ల మీద ఇంటిపన్నుల గుమాస్తాని. పదకొండేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన గురించి నాకు తెలిసినంత వాళ్ళింట్లో కూడా తెలిసి ఉండదు. ఇంట్లో ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదట.

సొంతూరు కాప్రా. తండ్రి బర్రెలు పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసేవాడు. పర్వతాలు గారు పదో తరగతి పాసై, 1970లో రికార్డు అసిస్టెంటుగా చేరి, ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే కుర్చీలో ఉన్నారు. రెండుసార్లు ప్రమోషన్ వస్తే రెండుసార్లూ వద్దన్నారు. ఎందుకని అడిగితే "మరి గీ బుక్కులు ఎవలకు అప్పజెప్పాలె?" అనేవారు. ఆ పుస్తకాలేవో తన ఆడపిల్లలైనట్టు, మేమంతా తాగుబోతు సంబంధాలమైనట్టు మాట్లాడేవారు.

ఆయన పనితనం చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి తేదీలు తెలియవు. "బోనాల మర్నాడు పుట్టిండు సారూ, ఆ యేడే మా గల్లీల నల్లా వచ్చింది" అంటారు. ఇంకొకరు "మా మామ కాలు ఇరిగిన యేడు" అంటారు. పర్వతాలు గారు కళ్ళు మూసుకుని, ఏ గల్లీ, ఏ ఇల్లు, మంత్రసాని ఎవరు అని మూడు ప్రశ్నలు వేసి, లోపలి గదిలోకి వెళ్ళి ఒక పుస్తకం పట్టుకొచ్చేవారు. నూటికి తొంభైసార్లు అందులోనే ఉండేది. తన రాతలో కొట్టివేత ఒక్కటి కూడా ఉండదని రోజుకు రెండుసార్లు చెప్పుకునేవారు. తన డప్పు తాను కొట్టుకోవడంలో ఆయన ఎవరికీ తీసిపోరు. అయితే ఆ మాట అబద్ధం కాదు. నేను వెతికి మరీ చూశాను.

రెండు వేల ఒకటిలో మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. ఆ రోజుల్లో ఊరంతా ఆ ఒక్క మాటే. టేషను ముందు చెట్టు కింద చిలకజోస్యం చెప్పే మనిషి కూడా కంప్యూటర్ జాతకం అని బోర్డు పెట్టాడు. పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. ఆ కంపెనీ నలుగురు అమ్మాయిల్ని పంపింది. వాళ్ళలో నవత అనే పిల్లది బోయిగూడ. డిగ్రీ చదివి, అమీర్‌పేటలో ఏదో కోర్సు చేసి వచ్చింది. ఎన్ని ఎంట్రీలు కొడితే అంత జీతం. నెలలో ఇరవై తప్పులు దాటితే మర్నాటి నుంచి రానక్కర్లేదు. అదీ కంపెనీ రూలు.

మొదటి వారం పర్వతాలు గారు ఆ పిల్ల ముఖం చూడలేదు. రెండో వారం ఆమె ఒక పాత పేజీ ముందు దిక్కు తోచక కూర్చుంటే, ఉండబట్టలేక కుర్చీ జరుపుకుని వెళ్ళి చదివి పెట్టారు. ఆ తర్వాత అదే అలవాటయింది. ఆయన చదవడం, ఆమె కొట్టడం. మధ్యాహ్నం ఆమె డబ్బాలో పచ్చిపులుసు ఉంటే ఆయనకు కొంచెం. పనివాణ్ణి పనివాడే గుర్తు పడతాడంటారు కదా, అలా కుదిరింది వాళ్ళకి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. తల్లి అచ్చియమ్మ, కూతురు లోవలక్ష్మి. విజయనగరం వైపు నుంచి వచ్చి బోయిగూడలో స్థిరపడ్డ కుటుంబం. ఇంటాయన పైడిబాబు రైల్వేలో ఖలాసిగా చేస్తూ, సర్వీసులో ఉండగానే ముందటేడు పోయాడు. ఆ ఉద్యోగం కూతురికి ఇస్తామన్నారు. ఎనిమిదో తరగతి పాసైంది కాబట్టి చదువు సరిపోతుంది. వయసుకీ, పైడిబాబు కూతురేననడానికీ పుట్టుక సర్టిఫికెట్ కావాలి. నెలాఖరులోగా ఇవ్వకపోతే పేరు తీసేస్తారు. ఇంట్లో ఇంకెవరికీ సంపాదన లేదు.

నవత తేదీ అడిగి, నాలుగు మీటలు నొక్కి, కాగితం తీసి చేతికిచ్చింది. పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు. మా ఆఫీసరు జీవరాజు గారు తన గది గుమ్మంలో నిలబడి ఎవరో పొగిడినట్టు నవ్వుకున్నారు. లోవలక్ష్మి ఆ కాగితం చదువుకుని తల ఎత్తింది.

"మేడమ్, ఇందులో తల్లి పేరు బాలమ్మ అనుంది. మా అమ్మ అచ్చియమ్మ కదా."

నవత ముఖం పాలిపోయింది. తప్పు తనదే అనుకుంది. పరుగున వెళ్ళి 1979 రిజిస్టరు తెచ్చి పేజీ తీసింది. అక్కడా, గుండ్రటి అక్షరాల్లో, ఏ కొట్టివేతా లేకుండా, తండ్రి పైడిబాబు, తల్లి బాలమ్మ. రాసిన చెయ్యి పర్వతాలు గారిది. ఆయన ఆ పేజీ వంక ఒక్కసారి చూసి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. కోపం వచ్చి కాదని మాత్రం నాకు అర్థమైంది.

సంగతి ఆ సాయంత్రం నాకు చెప్పారు. లోవలక్ష్మికి ముందు అచ్చియమ్మకు రెండు కాన్పులు. ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. ఆ రెండు పుట్టుకలూ, రెండు చావులూ, నాలుగూ రాసింది పర్వతాలు గారే. మూడో కాన్పయిన పన్నెండో రోజు పైడిబాబు ఒక్కడే వచ్చి, బల్లకు దగ్గరగా వంగి నెమ్మదిగా అన్నాడట.

"బాబూ, ఆ బుక్కులో మాయావిడ పేరు రాయకండి. రెండుసార్లు రాసినారు, రెండుసార్లూ పిల్లలు పోనారు. ఈ పిల్లని చేటలో ఎట్టి పక్కింటి బాలమ్మక్కకి తవుడికి అమ్మీసినాం. ఇప్పుడది ఆవిడ పిల్లే."

ఇది కొత్త సంగతేం కాదు. కాన్పులు నిలవని ఇళ్ళలో, పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పొరుగామెకు ఇంత తవుడు తీసుకుని అమ్ముతారు. బిడ్డ ఈ ఇంటిది కాదనుకుని మృత్యువు వెళ్ళిపోతుందని నమ్మకం. పెంచేది మళ్ళీ కన్నతల్లే. మిగతావాళ్ళు మాటవరసకు అమ్ముతారు, పైడిబాబు ప్రభుత్వ పుస్తకంలో కూడా అమ్మాడు. పర్వతాలు గారి తమ్ముడి పేరు పెంటయ్య. అతన్నీ పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకొచ్చుకున్నారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు, నాలుగుసార్లు ఆ పేర్లు రాసినవాడు, ఐదోసారి ఏం చేస్తాడు? బాలమ్మ అని రాశారు. తెలిసే రాశారు. పిల్ల బతికింది. అసలు బాలమ్మ పదేళ్ళ కిందట పోయింది.

పాత రోజులైతే ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన సంతకం పెడితే అయిపోయేది. ఇప్పుడు రిజిస్టర్లలో కలం పెట్టకూడదని ఆర్డరు వచ్చింది, ఏం మార్చినా కంప్యూటర్లోనే మార్చాలి, దానికి ఫారం నింపాలి. ఫారంలో తప్పు ఎవరిదని అడుగుతూ మూడు గళ్ళున్నాయి. ఒకటి, కంప్యూటర్ ఆపరేటరుది. రెండు, సమాచారం ఇచ్చినవాళ్ళది. మూడు, రిజిస్టరు రాసిన ఉద్యోగిది. ఎవరిదీ కాదు అనే గడి లేదు.

రెండో గడి కుదరదు. సమాచారం ఇచ్చిన పైడిబాబు అబద్ధం చెప్పాడని రాస్తే, ఆ కాగితం రైల్వేవాళ్ళ చేతిలో పడ్డాక బాలమ్మ ఎవరు, రెండో పెళ్ళామా అని మొదలవుతుంది. చచ్చినవాడి పరువు, బతికున్నదాని ఉద్యోగం రెండూ పోతాయి. జీవరాజు గారు మమ్మల్ని గదిలోకి పిలిచి దారి చూపించారు.

"టైపింగ్ మిస్టేక్ అని ఫస్ట్ దానికి టిక్ పెట్టండి. నేను పాస్‌వర్డ్ కొడతాను, టూ మినిట్స్ పని. రిజిస్టర్లు వచ్చే నెల ఎలాగూ గోడౌన్‌కి పోతాయి. తెరిచి చూసేవాడెవడు?"

"సార్, ఈ నెల నాయి ఇప్పటికే ఇరవై అయినయి," అంది నవత. "ఇంకొక్కటి పడ్డదంటే రేపటి సంది రావద్దంటరు. మా ఇల్లు నా జీతంతోనే నడుస్తున్నది."

"మరి మూడోదానికి పెడితే పర్వతాలు రాసివ్వాలి, తెలిసే తప్పు రాశానని. పక్కింటామె పేరు పొరపాటున పడిందంటే పైవాళ్ళు నమ్మరు. అప్పుడు నేను చార్జి మెమో ఇవ్వక తప్పదు. ఏమయ్యా, అక్టోబరులో నీ రిటైర్మెంటు. పెన్షన్ ఆగిపోతుంది. ఆలోచించుకో."

పర్వతాలు గారు ఫారం అక్కడే వదిలేసి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజూ దాన్ని ముట్టుకోలేదు, మర్నాడూ ముట్టుకోలేదు. నవత పక్కకు కుర్చీ జరుపుకోవడం మానేశారు. ఆ పిల్ల పాత రాత కుదరక తంటాలు పడుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు తప్పు లేదని డప్పు కొట్టుకున్న మనిషి, ఒక్క తప్పు బయటపడేసరికి దాన్ని ఆడపిల్ల నెత్తిన పెట్టడానికి చూస్తున్నాడే అనుకున్నాను. అయినా నేనూ నోరు మెదపలేదు. ఎవరి ఉద్యోగం వాళ్ళకు ముద్దు.

మూడో రోజు తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. గడువు ఇంకా ఐదు రోజులుంది. లోవలక్ష్మి సర్టిఫికెట్ సంగతి అడిగింది. అచ్చియమ్మ మాత్రం బల్ల చుట్టూ తిరిగి పర్వతాలు గారి పక్కకొచ్చి గొంతు తగ్గించింది.

"బాబూ, ఇప్పుడు బుక్కులో నా పేరు ఎడితే పిల్లకేటీ అవ్వదు కదా? ఇరవై రెండేళ్ళు ఆ పేరు మీదే బతికింది. ఉద్యోగం లేకపోయినా ఎలాగో బతుకుతాం. పిల్లకేటైనా అవుతాదంటే మాత్రం మార్చీకండి."

"అమ్మా, నువ్వూరుకోయే," అంది కూతురు సిగ్గుపడి. కంప్యూటర్ల దగ్గర అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. నవత నవ్వలేదు. పర్వతాలు గారూ నవ్వలేదు.

"ఏం గాదమ్మా," అన్నారాయన. "అప్పుడు రాసింది నేను. ఇప్పుడు మారుస్తున్నది సుత నేనే. ఏమన్న ఉంటే అది నాకే ఉంటది, నీ బిడ్డకు రాదు."

అప్పుడే ఫారం తెప్పించుకుని మూడో గడిలో టిక్ పెట్టారు. కింద తన చేత్తో రాశారు: "సదరు నమోదులో తల్లి పేరు బాలమ్మ అని నేను తెలిసే రాశాను. అసలు తల్లి అచ్చియమ్మ. ఇందులో సమాచారం ఇచ్చిన వ్యక్తిది గాని, కంప్యూటర్ ఆపరేటరుది గాని ఏ తప్పూ లేదు." ఆయన రాస్తున్నంతసేపూ నేను నా పన్నుల ఫైలు తిరగేస్తున్నట్టు నటించాను. రెండు రోజులు ఆయన్ని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

సర్టిఫికెట్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. లోవలక్ష్మికి ఉద్యోగం రావడానికి చలికాలం పట్టింది గాని, వచ్చింది. పర్వతాలు గారికి మెమో పది రోజుల్లోనే వచ్చింది. మన ఆఫీసుల్లో ఏ పని ఆగినా మెమో ఆగదు. విచారణ తేలడానికి ఏడాదిన్నర పట్టింది, అన్నాళ్ళూ ఆయన కోతపెట్టిన పెన్షనుతోనే నెట్టుకొచ్చారు. ఇంట్లో భార్య ఏమన్నదని అడిగితే, "ఏమంటది, నా కర్మ అన్నది" అన్నారు.

అక్టోబరు ఆఖరి రోజున శాలువా కప్పాం. మెమో ఉన్న మనిషికి శాలువా కప్పవచ్చా లేదా అని జీవరాజు గారు కాస్త తటపటాయించి, చివరికి ఆయనే కప్పారు. మిఠాయి పంచడం అయ్యాక పర్వతాలు గారు నవత పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"బిడ్డా, జెర డెబ్బయి తొమ్మిది తియ్యి. నా రాత అండ్ల ఎట్లుందో చూస్త."

ఆమె తీసింది. వరసగా పేర్లు, తేదీలు, ఇంటి నంబర్లు. అన్నీ ఒకే సైజు అచ్చు అక్షరాలు. ఆయన పైకీ కిందికీ చూశారు.

"మరి ఇవన్ని ఎవలు రాసిన్రని ఏడున్నది?"

"దానికి గడి లేదు సార్."

"ఏడ లేదా?"

ఆమె ఏదో తోచి, పర్వతాలు అన్న పేరు కొట్టి వెతికింది. మొత్తం రికార్డుల్లో పదిహేడు వచ్చాయి. పదహారు ఆ పేరున్న ఎవరెవరో తండ్రులు. ఈయన పిల్లలు వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో పుట్టారు కాబట్టి ఆ లెక్కలోనూ లేరు. పదిహేడోది తెరిస్తే లోవలక్ష్మి ఎంట్రీ వచ్చింది. తల్లి పేరు అచ్చియమ్మ. అడుగున రిమార్కు: తప్పుగా నమోదు చేసినవారు, పర్వతాలు, రికార్డు అసిస్టెంటు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి పుట్టుకలన్నీ రాసిన మనిషి ఆ మిషన్లో ఉన్నది ఆ ఒక్క చోటే.

నవత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సార్, ఆఫీసర్ సారు పాస్‌వర్డ్ నాకు ఎరుకే, గీ రిమార్కు నేను తీసేస్త. ఎవలకు తెల్వది."

"వద్దు బిడ్డా," అన్నారు పర్వతాలు గారు. "అది తీసేస్తివనుకో, తప్పు ఎవలదని మళ్ళ అడుగుతరు. అప్పుడు నీ పేరు వెడ్తరు."

శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఐదున్నర బస్సు తప్పితే కాప్రాకు మళ్ళీ గంట దాకా లేదంటూ లేచి వెళ్ళిపోయారు.